కాళ్ళ తిమ్మిర్ల సంగతి డాక్టరుకు చెప్పారా?



కీమోథెరపీ చేయించుకునేవాళ్ళకు జుట్టు రాలిపోవడం పెద్ద దిగులు. ఏ ఊళ్ళోనైనా ఆడమనిషి బోడిగుండుతో బజారులోకి వస్తే పదిమంది తిరిగి చూస్తారు. మన తిరుపతిలో ఎవరూ చూడరు. రైల్వేస్టేషన్ నుంచి అలిపిరి దాకా ఏ వీధిలో చూసినా చందనం పూసుకున్న గుండ్లే. ఆ జనంలో క్యాన్సర్ మందుకు జుట్టు పోగొట్టుకున్న మనిషి కూడా తలెత్తుకుని నడిచి వెళ్ళిపోవచ్చు. ఏమైందని అడిగేవాళ్ళుండరు. ఈ ఊరు తనకు తెలియకుండానే వాళ్ళకు చేస్తున్న మేలు ఇది.

వైద్యం అయిపోయిన కొన్ని నెలలకు జుట్టు మళ్ళీ వస్తుంది. నేనివాళ మాట్లాడదలచింది ఎవరి కంటికీ కనపడని ఇంకో నష్టం గురించి. క్యాన్సరూ, దానికి వాడే మందులూ నరాలనూ మెదడునూ ఎలా తాకుతాయి, అప్పుడు మనం ఏం చేయాలి అనేది. ఇందులో చాలా భాగం తొందరగా తెలిస్తే అదుపు చేయగలిగేదే. కానీ మందుల వల్ల నరాలు దెబ్బతింటున్న సంగతి మామూలు రక్తపరీక్షల్లో కనపడదు. "సార్, అరికాళ్ళు మొద్దుబారినట్టు ఉండాయి" అని మనిషి నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. ఆ మాట మీచేత చెప్పించడానికే ఈ ప్రసంగం.

ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఎవరికి క్యాన్సర్ అన్నా రాయవేలూరు సీఎంసీకో, మద్రాసు అడయారుకో పోవాల్సిందే. గుడిపాల, చిత్తూరు వైపు వాళ్ళకు ఇప్పటికీ వేలూరే దగ్గర. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఆస్పత్రి ఉంది. 2022 మే నెలలో, జిల్లాలు విడిపోయిన మరుసటి నెలలోనే, దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి తెరిచారు. స్విమ్స్ వాళ్ళ పింక్ బస్సు పల్లెలకు వెళ్ళి పరీక్షలు చేస్తోంది. ఆరోగ్యశ్రీ అని మనం అలవాటుగా పిలిచే పథకం కింద పేదవాళ్ళకూ కీమో, రేడియేషన్ అందుతున్నాయి. అంటే జబ్బు నయమై ఇంటికి తిరిగొచ్చి, మళ్ళీ పాలు పితికి, మళ్ళీ వేరుశనగ ఒలిచి, మళ్ళీ బడికి వెళ్ళి పాఠం చెప్పేవాళ్ళు మన మధ్య పెరుగుతున్నారు. వాళ్ళ చేతులూ కాళ్ళూ జ్ఞాపకశక్తీ ఎలా ఉన్నాయన్నది ఇప్పుడు మనం పట్టించుకోవలసిన విషయం.

బిళ్ళగన్నేరు మీ అందరికీ తెలుసు. గోడల పక్కన, గుడి ఆవరణల్లో, నీళ్ళు పోసినా పోయకపోయినా పూసే మొక్క. మన దగ్గర చక్కెర జబ్బుకని దాని ఆకు నమిలేవాళ్ళున్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి చేతికి కూడా ఈ ఆకు చక్కెర జబ్బుకు పనికొస్తుందనే పేరుతోనే జమైకా నుంచి చేరింది. ఆయన పరీక్షిస్తే చక్కెర మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. అలా ఈ మొక్కలోంచి విన్‌బ్లాస్టీన్, ఆ తర్వాత విన్‌క్రిస్టీన్ అనే మందులు వచ్చాయి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టీన్ ఈ రోజుకీ ముఖ్యమైన మందు. టన్నుల కొద్దీ ఆకు నుంచి గ్రాముల్లో దొరికే పదార్థం అది. అంచేత క్యాన్సర్ పోతుందని ఎవరైనా బిళ్ళగన్నేరు కషాయం తాగమంటే తాగకండి. ఆకులో మందు ఎంత ఉందో తెలియదు, విషం ఉన్న సంగతి మాత్రం తెలుసు.

ఈ మందు చేసే పని వింటే నరాలకు దెబ్బ ఎందుకు తగులుతుందో అర్థమవుతుంది. ప్రతి కణంలోనూ చాలా సన్నని గొట్టాలుంటాయి. కణం రెండుగా చీలాలంటే ఆ గొట్టాలు కావాలి. విన్‌క్రిస్టీన్ వాటిని కట్టుకోనివ్వదు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాక్లిటాక్సెల్ కట్టుకున్నవాటిని విప్పుకోనివ్వదు. రెండు దారుల్లోనూ క్యాన్సర్ కణం చీలలేక చస్తుంది. నరాల కణాలు చీలవు, కానీ వాటికీ ఆ గొట్టాలతో పని ఉంది. నడుము దగ్గరున్న కణం నుంచి కాలి బొటనవేలి దాకా దాదాపు మీటరు పొడవున నరం సాగుతుంది. వేలి కొసకు కావలసిన పోషణ అంతా ఆ గొట్టాల వెంటే ప్రయాణం చేయాలి. చెరువులో నీళ్ళు తగ్గితే కాలవ చివరి మడి ముందుగా ఎండుతుంది కదా, ఇక్కడా అంతే. అందుకే తిమ్మిర్లు మొదట కాలివేళ్ళ కొసల్లో మొదలవుతాయి. తర్వాత పాదం, ఆ పైన చీలమండ. చేతివేళ్ళ వంతు ఆ తర్వాత వస్తుంది. రెండు కాళ్ళకూ ఒకేలా, మేజోడు తొడుక్కున్న మేర.

రోగులు దీన్ని చెప్పే తీరు రకరకాలుగా ఉంటుంది. చీమలు పాకినట్టు ఉందంటారు. అరికాళ్ళలో కారం పూసినట్టు మంట అంటారు. దూది మీద నడుస్తున్నట్టుంది, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదు అంటారు. రవిక హుక్కులు పెట్టుకోలేకపోవడం, సూదిలో దారం ఎక్కించలేకపోవడం, చిల్లర లెక్కపెట్టేటప్పుడు నాణెం జారిపోవడం. విన్‌క్రిస్టీన్ తీసుకునే పిల్లవాడైతే మునివేళ్ళు పైకి లేవక తట్టుకుని పడుతుంటాడు. మలబద్ధకం కూడా అదే మందు పేగుల నరాలకు చేసే పని. పెద్దపేగు, కడుపు క్యాన్సర్లకు వాడే ఆక్సాలిప్లాటిన్‌ది ఇంకో తీరు. మందు ఎక్కించిన కొద్ది రోజులపాటు చల్లటిది ఏది తాకినా వేళ్ళు జివ్వుమంటాయి. చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టు, ఊపిరాడనట్టు ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు తెల్లవారుజామున లేచి ఆవుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో చేతులకు తొడుగు వేసుకోవాలి, గోరువెచ్చటి నీళ్ళే తాగాలి. గర్భాశయ ముఖద్వారం, నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ వల్ల చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉండొచ్చు. ఈ ప్లాటినం మందులతో ఒక చిక్కుంది. మందు ఆపేశాక కూడా కొన్ని నెలలపాటు తిమ్మిర్లు పెరుగుతూ పోయి, ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. ఈ సంగతి ముందే తెలియకపోతే, వైద్యం అయిపోయాక ఇదేమి కొత్త రోగమని ఇల్లంతా హడలిపోతుంది.

మరి ఎందుకు చెప్పరు? ఓపీలో బయట వందమంది వేచి ఉంటారు. "ఎట్లుండావమ్మా?" అని డాక్టరు అడుగుతారు. "బాగుండాను సార్" అని అలవాటుగా వచ్చేస్తుంది మన నోట. ఇంట్లోవాళ్ళు మందు వేడి అనుకుంటారు. అన్నిటికంటే బలమైన కారణం భయం. తిమ్మిర్లున్నాయంటే మందు ఆపేస్తారేమో, ఆపితే జబ్బు తిరగబడుతుందేమో అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను. మోతాదు తగ్గించడం, రెండు విడతల మధ్య ఎడం పెంచడం, మందు మార్చడం, ఇవన్నీ క్యాన్సర్ వైద్యంలో రోజూ చేసే పనులు. వైద్యం వదిలేయడం వేరు, సర్దుకోవడం వేరు. మొదటి తిమ్మిరి దగ్గరే చెబితే డాక్టరు చేతిలో దారులుంటాయి. గుండీ పెట్టుకోలేని స్థితి వచ్చాక చెబితే ఆ దారులు తగ్గిపోతాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టి బతికే మనిషికీ, వెంకటగిరి మగ్గం మీద జరీ పోగులు చూసుకునే మనిషికీ వేళ్ళ స్పర్శ పోతే కూడు పోయినట్టే. మీ బతుకుతెరువు ఏమిటో కూడా డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. మందుల ఎంపికలో ఆ సంగతి లెక్కలోకి రావాలి.

నరాల బలానికని మందుల షాపులో సూదులూ బిళ్ళలూ కొనుక్కుని ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు మన ప్రాంతంలో చాలామంది. బీ12 లోపం ఉంటే దాన్ని సరిచేయాల్సిందే, పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. కానీ బీ6 అతిగా తీసుకుంటే అదే నరాలను పాడుచేస్తుంది. కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి ఇప్పటిదాకా పరీక్షల్లో నిలబడిన మందు డులాక్సెటిన్. అదీ నొప్పినీ మంటనూ తగ్గిస్తుందే తప్ప పోయిన స్పర్శను తెచ్చిపెట్టదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ నరాలు ముందే కొంత దెబ్బతిని ఉంటాయి కాబట్టి కీమో మొదలుకాక ముందే ఆ సంగతి చెప్పాలి.

స్పర్శ లేని కాలిని ఎలా కాపాడుకోవాలో లోకానికి నేర్పిన చోటు మనకు కూతవేటు దూరంలోనే ఉంది. 1946లో వేలూరు సీఎంసీకి పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. కుష్ఠు రోగుల వేళ్ళు ఆ జబ్బుకే కుళ్ళి ఊడిపోతాయని అప్పటిదాకా అందరూ నమ్మేవాళ్ళు. ఆయన దగ్గరగా గమనించి కనిపెట్టింది వేరు. నొప్పి తెలియకపోవడం వల్ల కాలినా, కోసుకున్నా, ముల్లు దిగినా ఆ మనిషి ఆగడు. గాయం మీద గాయమై వేళ్ళు పోతున్నాయి. వేలూరు పక్కన కరిగిరిలో 1955లో మొదలైన కుష్ఠు పరిశోధనా కేంద్రంలోనూ, సీఎంసీలోనూ జరిగిన కృషిలోంచే మెత్తని రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు వాడకంలోకి వచ్చాయి. ఇవాళ చక్కెర జబ్బువాళ్ళు వేసుకుంటున్నవి అవే. కీమోతో పాదాలు మొద్దుబారినవాళ్ళకూ అవి పనికొస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు దీపం వెలుతురులో అరికాళ్ళు చూసుకోవడం, స్నానం నీళ్ళ వేడిని మోచేతితో చూడడం, చెప్పులో రాయి ఉందేమో దులిపి వేసుకోవడం, ఇవన్నీ ఆ పాఠంలోవే.

ఇక్కడ మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. జబ్బు నయమైతే కాలినడకన కొండెక్కుతానని మొక్కుకున్నవాళ్ళు మనలో ఎంతమందో. అలిపిరి దారిలో 3550 మెట్లు, చెప్పులు లేని కాళ్ళు. ఆ మొక్కును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు ఏ మాత్రం లేదు. స్పర్శ పూర్తిగా తిరిగిరాని పాదంతో ఎండకు కాగిన రాతి మీద నడిస్తే బొబ్బ లేచినా తెలియదు, మర్నాటికి అది పుండవుతుంది. కీమో నడుస్తుంటే ఆ పుండు మానడం కూడా కష్టం. మొక్కుకు గడువు లేదు. కాలు కుదుటపడ్డాక, డాక్టరు సరేనన్నాక, చల్లటి వేళ చూసుకుని ఎక్కండి.

ఇప్పుడు మెదడు సంగతి. మెదడుకు రక్తం నుంచి అన్నీ లోపలికి రానివ్వని గట్టి కాపలా ఉంది. విషాలు రాకుండా అది కాపాడుతుంది, ఆ కాపలా వల్లే చాలా క్యాన్సర్ మందులు కూడా మెదడులోకి చేరలేవు. రక్త క్యాన్సర్ కణాలు వెళ్ళి అక్కడ దాక్కుంటాయి. ఈ కథలో మన తెలుగువాడొకాయన ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నడిపిన లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. పదహారు మందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే ప్రయోగశాల ఇచ్చిన మెథోట్రెక్సేట్‌ను తర్వాతి తరం వైద్యులు నేరుగా వెన్నులోని నీటిలోకి ఎక్కించడం మొదలుపెట్టారు, మెదడు కాపలాను తప్పించుకోవడానికి. తలకు రేడియేషన్ కూడా ఇచ్చారు. మరణం తప్ప దారిలేని ఆ జబ్బు ఇవాళ సంపన్న దేశాల్లో నూటికి తొంభైమంది పిల్లలకు నయమవుతోంది.

నయమైన పిల్లలు పెరిగాక మరో సంగతి బయటపడింది. తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో చాలామంది చదువులో వెనకబడ్డారు, ఎదుగుదల తగ్గింది. అది చూసి వైద్యులు మారారు. తలకు రేడియేషన్ చాలావరకు తగ్గించి, వెన్నులోకి మందు ఇవ్వడం మీదే ఎక్కువ ఆధారపడుతున్నారు. "వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయి" అనే భయం మన పల్లెల్లో ఇంకా ఉంది. వెన్నుపాము ఆగిపోయిన చోటుకి కిందనే ఆ సూది వేస్తారు. ఆ భయంతో బిడ్డకు ఈ వైద్యం మానిపించొద్దు. మెథోట్రెక్సేట్ కూడా పెద్ద మోతాదులో మెదడు మీద కొంత ప్రభావం చూపొచ్చు. అందుకే బళ్ళో టీచర్లకు నా మనవి. రక్త క్యాన్సర్ నయమై తరగతికి తిరిగొచ్చిన పిల్లవాడు బోర్డు మీది లెక్క ఎక్కించుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటే దాన్ని సోమరితనం అనకండి. ముందు వరుసలో కూర్చోబెట్టండి, పరీక్షలో కాస్త సమయం ఎక్కువ ఇవ్వండి.

పెద్దవాళ్ళలో ఇంకో తీరు కనిపిస్తుంది. మాట నాలుక చివర ఆగిపోతుంది. చారులో ఉప్పు వేశానో లేదో గుర్తుండదు. మండీలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినాయన కూడిక దగ్గర తడబడతాడు. దీన్ని కీమో బ్రెయిన్ అంటున్నారు. పేరులో కీమో ఉన్నా కారణం అదొక్కటే అని చెప్పలేం. కొందరిలో కీమో మొదలుకాక ముందే ఈ తేడా కనిపిస్తుంది. జబ్బు వల్ల శరీరంలో వచ్చే వాపు, హార్మోన్ల మార్పు, రక్తహీనత, నిద్రలేమి, దిగులు అన్నీ కలిసి చేసే పని ఇది. చాలామందికి వైద్యం అయిపోయిన కొన్ని నెలల్లో తేరుకుంటుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూపించుకోవాలి. రోజూ నడవాలి. ఒకసారి ఒకే పని పెట్టుకోవాలి, చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లోవాళ్ళు "ఇందాకే చెప్పాను కదా" అని విసుక్కోకుండా మళ్ళీ చెప్పాలి. ఆ మనిషి అంతకుముందే తన మీద తాను బాగా విసుక్కుని ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పినవి నిదానంగా వచ్చేవి. ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సినవి వేరే ఉన్నాయి.

ఊపిరితిత్తులు, రొమ్ము, మూత్రపిండాల క్యాన్సర్లు మెదడుకు పాకే అవకాశం ఉంది. తెల్లవారి లేవగానే తలనొప్పి, వాంతి, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం, చూపు మసకబారడం, మనిషి స్వభావమే మారిపోవడం దాని గుర్తులు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో నీళ్ళు పోయొద్దు. పక్కకు ఒత్తిగిల్లజేసి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మెదడు వాపు తగ్గించడానికి డెక్సామెథాసోన్ ఇస్తారు. అది వాడుతూ వాడుతూ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. క్యాన్సర్ మనిషి ఉన్నట్టుండి పొంతనలేకుండా మాట్లాడి, లేనివాళ్ళు కనిపిస్తున్నారంటే గాలి సోకిందని తాయెత్తుకు పోవద్దు. రక్తంలో సోడియం తగ్గినా, కాల్షియం పెరిగినా, జ్వరం లోపల ముదిరినా అలా జరుగుతుంది. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

అన్నిటికంటే తొందరైనది వెన్నుపాము. ప్రోస్టేటు, రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మైలోమా ఎముకల్లోకి చేరి వెన్నుపూసను గుల్ల చేస్తాయి. అక్కడి గడ్డ వెన్నుపామును నొక్కుతుంది. మొదట కనిపించేది వెన్ను నొప్పే, ఎక్కువగా వీపు మధ్యలో, కొన్నిసార్లు నడుములో. పడుకుంటే ఎక్కువవుతుంది, రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వదు, దగ్గినా తుమ్మినా పొడుస్తుంది. మన దగ్గర నడుము నొప్పి అనగానే వాతమనో పట్టిందనో నూనె పెట్టి తోమిస్తాం. లేదంటే బస్సెక్కి పుత్తూరు పోతాం. పుత్తూరు కట్టుకు వందేళ్ళు దాటిన పేరుంది, విరిగిన చేతులతో వెళ్ళి కట్టుతో తిరిగొచ్చే జనం రాష్ట్రాలు దాటి వస్తారు. కానీ క్యాన్సర్ వచ్చిన మనిషికి, పదేళ్ళ కిందట వచ్చి నయమైన మనిషికైనా సరే, కొత్తగా వెన్ను నొప్పి వస్తే తోమడమూ వద్దు, కట్టూ వద్దు, సాగదీయడమూ వద్దు. గుల్లబారిన వెన్నుపూస ఆ ఒత్తిడికి కుంగితే కాళ్ళు పడిపోతాయి.

నొప్పికి తోడు కాళ్ళలో బలం తగ్గినా, నడుము కింద స్పర్శ తేడాగా ఉన్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. మనిషిని సమంగా పడుకోబెట్టి తీసుకెళ్ళండి, పాత క్యాన్సర్ కాగితాలు చేతిలో ఉంచుకోండి. ఎమర్జెన్సీలో డాక్టరుతో మొదటి మాటగా "ఈయనకు క్యాన్సర్ ఉంది, కాళ్ళు పట్టు తప్పుతున్నాయి" అని చెప్పండి. ఎంఆర్ఐ తీసి, స్టెరాయిడ్ ఇచ్చి, రేడియేషనో ఆపరేషనో వెంటనే మొదలుపెట్టాల్సిన స్థితి అది. తమ కాళ్ళ మీద నడుస్తుండగానే వైద్యం మొదలైనవాళ్ళలో ఎక్కువమంది తర్వాత కూడా నడుస్తారు. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వచ్చినవాళ్ళలో తిరిగి లేచి నడిచేవాళ్ళు చాలా తక్కువ. ఈ రెండింటి మధ్య ఉండే వ్యవధి కొన్నిసార్లు ఒక్క రాత్రే.